బస్సెక్కెటోళ్లను అడిగిండ్రా?

2025 అక్టోబరు 4, శనివారం. హైదరాబాద్ సిటీ బస్సుల చార్జీలు పెంచుతున్నట్టు ఆర్టీసీ ప్రకటించింది. 6వ తేదీ సోమవారం పొద్దుగాల పనికి బయల్దేరిన మనిషి మొదటి మూడు స్టేజీల లోపలైతే 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు ఎక్కువ పెట్టి టికెట్టు కొన్నాడు. ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి, వాటికి చార్జింగ్ స్టేషన్లు, డిపోలు కావాలి, అందుకే పెంచామని కారణం చెప్పారు. కారణం నిజమే కావచ్చు. లెక్కలు ముందు పెట్టి మాట్లాడితే జనం సరేననేవాళ్లేమో కూడా. కాని శనివారానికీ సోమవారానికీ నడుమ ఉన్నది ఒక్క ఆదివారం. ఆ ఒక్క దినంలో ఎవరిని అడిగారు? ఏ బస్తీలో మీటింగు పెట్టారు? ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఈ భారం పడ్డది అడ్డా కూలీ మీద, రాత్రి డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డు మీద, హోటల్ల కప్పులు కడిగే పిల్లగాని మీద. వాళ్లకు ఈ సంగతి తెలిసింది బస్సెక్కినంక, కండక్టరు నోట.

కరెంటు సంగతి చూడండి. యూనిట్ మీద పైసలు పెంచాలంటే పంపిణీ కంపెనీలు విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు పోవాలి. ప్రతిపాదనను పత్రికల్లో ప్రకటించాలి. అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. బహిరంగ విచారణ జరపాలి. ఆ విచారణలు తంతుగా మారాయనే విమర్శ ఉంది, అందులో నిజం లేకపోలేదు. అయినా ఆ హాల్లో రైతు సంఘం మనిషి లేచి నిలబడి అడిగితే కంపెనీ అధికారి జవాబు చెప్పక తప్పదు. 2000లో కరెంటు చార్జీలు పెంచినప్పుడు ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తూటాలు పేలాయి, ముగ్గురు ప్రాణాలిచ్చారు. ఆనాటి నుంచి కరెంటు చార్జీ జోలికి పోవాలంటే ఏ సర్కారైనా వెనకా ముందూ చూసుకుంటున్నది. బస్సు చార్జీకి అలాంటి మండలీ లేదు, అలాంటి విచారణా లేదు. ప్రభుత్వం తలూపితే చాలు, తెల్లారేసరికి టిమ్ మిషన్లో కొత్త రేటు ఎక్కుతుంది.

చార్జీ ఒక్కటే కాదు. ఏ రూట్లో బస్సు తిరగాలి, ఏ రూట్లో బందు కావాలి, మెట్రో ఎటు పోవాలి, ఎక్కడ ఆగాలి, లోకల్ రైలు ఎన్ని గంటలకొకటి రావాలి - ఈ నగరంలో వీటిలో ఏ ఒక్కటీ ప్రయాణికుడిని అడిగి తీసుకున్న నిర్ణయం కాదు. ఇది ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రోగం. స్వరాష్ట్రంలో నయమైతదనుకున్నాం. ముదిరింది.

ఈ గడ్డ మీద బస్సు కొత్త ముచ్చట కాదు. 1932లో నిజాం రైల్వేలోని రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకునే 'జెడ్' అక్షరం ఇప్పటికీ మన బస్సుల నంబరు ప్లేట్ల మీద ఉంది. రాజు సొత్తుగా పుట్టిన బస్సు 1958లో ఏపీఎస్ ఆర్టీసీ అయింది, తెలంగాణ వచ్చినంక మన ఆర్టీసీ అయింది. సొంతదారులు మారారు. ఎక్కేవాళ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పైసలిచ్చి మూల నిలబడేవాళ్లే.

2011 సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు బస్సులను డిపోల్లోనే ఆపి తెలంగాణ కోసం నిలబడ్డారు. జీతం పోయినా జనం కోసం ఓర్చుకున్నారు. ఎనిమిదేండ్లకు, 2019 అక్టోబరు 5న, తమ కోసం సమ్మెకు దిగితే సొంత ముఖ్యమంత్రి వాళ్లు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నారని ప్రకటించారు. 52 రోజుల సమ్మె అది. ఆ నడుమనే మంత్రివర్గం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని తీర్మానించింది. సమ్మె ముగిసీ ముగియగానే కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీ పెరిగింది. నగరంలో వెయ్యికి దగ్గరగా బస్సులు తగ్గిపోయాయి. కార్మికులకు జరిగిన అన్యాయం గురించి అప్పుడు అంతో ఇంతో చర్చ జరిగింది. మాయమైన ఆ బస్సుల గురించి ఎవరు మాట్లాడారు? ఏ కాలనీకి ట్రిప్పులు పోయాయి, ఏ బస్తీలో పిల్లలు కాలేజీకి నడిచిపోయారు, రాత్రి ఆఖరి బస్సు ఎక్కడ బందయింది - దీని మీద ఒక్క నోటీసు బస్టాపుకు అంటించిన పాపాన పోలేదు. ఉన్న బస్సు రాకపోతే జనం చేసేదేముంది? షేర్ ఆటో ఎక్కుతారు. లేదంటే అప్పు చేసి సెకండ్ హ్యాండ్ బండి కొంటారు. ఇవ్వాళ రోడ్ల మీద ఇన్ని బండ్లు ఎందుకున్నాయని తల పట్టుకునే పెద్దలు ఆ 2019 లెక్కను ఒకసారి తీసి చూడాలి.

ఇగ మెట్రో. దీని పుట్టుకలోనే జనం లేరు, జాగలున్నాయి. 2008లో అప్పటి సర్కారు మేటాస్ కంపెనీ కూటమికి కాంట్రాక్టు కట్టబెట్టింది. మెట్రో కట్టే కంపెనీకి ఎక్కడైనా సర్కారే ఎదురు పైసలిస్తుంది. ఇక్కడ కంపెనీయే సర్కారుకు 30,311 కోట్లు ఇస్తానన్నది! ఆహా అన్నారు పాలకులు. టికెట్ల మీద బతకాల్సిన రైలు వేల కోట్లు ఎట్లా ఇస్తుందని అడిగినవాళ్లు తక్కువ. ఢిల్లీ మెట్రో సారథి శ్రీధరన్ అడిగారు. 296 ఎకరాల విలువైన సర్కారు భూమి కంపెనీ చేతికి పోతున్నదని, ఇది రైలు కోసం కాక భూముల కోసం నడిచే బేరంగా మారుతుందని ప్రణాళికా సంఘానికి రాశారు. దానికి మన రాష్ట్ర సర్కారు ఇచ్చిన జవాబు ఏమిటి? పరువు నష్టం దావా వేస్తామన్న బెదిరింపు. సెస్ పరిశోధకుడు సి. రామచంద్రయ్య లాంటివాళ్లు, నగరంలో మంచి ప్రజా రవాణా కావాలని కూడిన పౌరులు అదే ప్రశ్న అడిగితే అభివృద్ధి నిరోధకులన్న ముద్ర పడింది. సత్యం పేరు తిరగేస్తే మేటాస్. 2009 జనవరిలో సత్యం బండారం బయటపడింది, జూలైలో కాంట్రాక్టు రద్దయింది. అడిగినవాళ్ల మాటే నిజమైంది కాని వాళ్లను పిలిచి ఇప్పుడేం చేద్దామని అడిగిన అధికారి లేడు.

2010లో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం. ఈసారి కూడా 269 ఎకరాలు, కేంద్రం సాయం 1,458 కోట్లు, మూడు కారిడార్లు, 71 కిలోమీటర్లు. కంపెనీ పేరు మారింది, పద్ధతి మారలేదు. రైలు వచ్చింది, బాగానే వచ్చింది, కాదనం. 2017 నవంబరులో నాగోల్ నుంచి మియాపూర్ దాకా మొదలై 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లయింది. ఎండల, వానల తిప్పలు లేకుండా పోతున్న వేలాది ఉద్యోగులకు, విద్యార్థులకు దాని విలువ తెలుసు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్ స్టేషన్ల పక్కన మాల్స్ కూడా లేచాయి. లేవనిది ఒక్కటే. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు. పాతనగరం.

అది ఒప్పందంలో ఉన్న లైనే. జూబ్లీ బస్టాండు నుంచి బయల్దేరిన రైలు ఎంజీబీఎస్‌లో ఆగిపోయి వెనక్కి తిరుగుతుంది, చార్మినార్ అవతల మనుషులే లేనట్టు. మసీదులు, గుళ్లు, అషూర్‌ఖానాలు అడ్డమొస్తున్నాయన్నారు, లైను మార్చాలన్నారు, మార్చొద్దన్నారు. ఈ వాదులాట అంతా పార్టీ ఆఫీసులకూ సచివాలయానికీ నడుమ నడిచింది. శాలిబండలో దుకాణం పోగొట్టుకునేవాణ్ని, ఫలక్‌నుమా నుంచి అమీర్‌పేటకు రెండు బస్సులు మారి పోయే ఆడపడుచును ఒక్క హాల్లో కూర్చోబెట్టి, ఇదీ నష్టం, ఇదీ లాభం, మీరేమంటారని అడిగి ఉంటే ఏండ్లకేండ్లు పట్టేదా? 2024 మార్చి 8న మళ్లా శంకుస్థాపన జరిగింది. ఒప్పందం అయి అప్పటికి పదమూడేండ్లు దాటింది.

సుల్తాన్‌బజార్ ముచ్చట మనకు ఇంకా దగ్గరిది. ఆ బజారు మీదుగా పిల్లర్లు వేస్తే చిన్న వ్యాపారులు ఆగమైతరని ఉద్యమ కాలంలో మనమంతా గొంతెత్తినం. ఉద్యమ పార్టీ వాళ్ల పక్షాన నిలబడ్డది. అధికారంలోకి వచ్చిన కొత్తల అసెంబ్లీ ముందు, సుల్తాన్‌బజార్ దగ్గర, పాతనగరంలో మార్గం మారుస్తామని సర్కారు చెప్పింది. తర్వాత? ఇవ్వాళ సుల్తాన్‌బజార్ మీద స్టేషనే ఉంది. ఆ మార్గమే సరైనదని నిపుణులు తేల్చి ఉండవచ్చు, మేం దాన్ని కొట్టిపారెయ్యడం లేదు. కాని మారుస్తామన్నప్పుడూ, మార్చం అన్నప్పుడూ నిర్ణయం ఒక్క గదిలోనే జరిగింది. ఉద్యమంలో వ్యాపారుల పక్కన నిలబడ్డ నాయకుడు పాలకుడయ్యాక ఆ వ్యాపారుల ముందుకొచ్చి కారణం చెప్పాల్సిన బాధ్యత లేదా?

గీతలు గీసేది ఒకరు, చెరిపేది ఇంకొకరు. 2022 డిసెంబరు 9న ఒక ముఖ్యమంత్రి రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. సరిగ్గా ఏడాదికి ముఖ్యమంత్రి మారారు, ఆ గీత పోయింది, విమానాశ్రయం లైను పాతనగరం వైపు జరిగింది. రెండో గీత పేదలకు దగ్గరగా పోతుందని మా అభిప్రాయం. అయినా ఒక మాట అడగాలి. రేపు మూడో ముఖ్యమంత్రి వచ్చి దాన్ని చెరిపేస్తే అడ్డుకునేదెవరు? జనం కూర్చుని, కొట్లాడి ఒప్పుకున్న గీతను చెరపడం ఎవరికైనా కష్టం. ఒక్కడు గీసినదాన్ని ఇంకొకడు చెరపడానికి ఒక్క సమీక్షా సమావేశం చాలు.

ఈ మెట్రో చరిత్రలో ఒక్కసారి మాత్రం జనాన్ని అడిగారు, నిజం చెప్పాలి. టికెట్టు ధర పెంచేటప్పుడు! 2022లో చార్జీల నిర్ణయ కమిటీ వేసి, నవంబరు 15 లోగా సలహాలు పంపమన్నారు. లైను ఎటు పోవాలో, స్టేషన్ ఎక్కడుండాలో, జాగ ఎంత ఇవ్వాలో అడగనోళ్లు, అన్నీ అయిపోయినంక పైసలెంత ఇస్తారని అడిగారు. 2025 మే 17 నుంచి 10 - 60 రూపాయల టికెట్టు 12 - 75 అయింది. లొల్లి కాగానే వారం తిరగకుండా పది శాతం తగ్గించారు. అంటే జనం గొంతుకు బలం ఉన్నదనే కదా? ఆ గొంతును ముందే వింటే ఎవరి సొమ్ము పోయింది?

ఎంఎంటీఎస్‌ది ఇంకో కథ. 2003లో మొదలైన ఆ రైలు పేదోని రైలు. 5 రూపాయలకు, 10 రూపాయలకు ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి దాకా తీసుకుపోయేది. కరోనా లాక్‌డౌన్ తర్వాత మెట్రో 2020 సెప్టెంబరు 7న పట్టాలెక్కింది, సిటీ బస్సులు అదే నెలలో రోడ్డెక్కాయి. ఎంఎంటీఎస్ ఎప్పుడొచ్చింది? 2021 జూన్‌లో. పదిహేను నెలలు. ఇండ్లల్లో పని చేసే ఆడవాళ్లు, కూరగాయల గంపలోళ్లు ఆ పదిహేను నెలలు ఎట్లా తిరిగారో రైల్వే బోర్డుకు ఎరుక లేదు, అడిగినోళ్లు లేరు. రైల్వేలో వినియోగదారుల సంప్రదింపుల కమిటీలు లేకపోలేదు. జోన్‌కు ఒకటి, డివిజన్‌కు ఒకటి. అందులో కూర్చునేవాళ్లు నామినేటెడ్ పెద్దమనుషులు. కమిటీ అంటే ఇట్లనే ఉంటుందంటే మాకు ఆ కమిటీ వద్దు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, వస్తూనే ఉంటుంది: రైలు, బస్సు ఇంజనీర్ల పని, బస్తీ జనానికి ఏం తెలుసు? పిల్లరు ఎంత లోతు తవ్వాలో చెప్పమని ఎవరూ జనాన్ని అడగడం లేదు. పొద్దున అయిదున్నరకు బల్దియా ఊడ్పు పనికి పోయే అక్కకు ఏ బస్సు కావాలో ఏ ఇంజనీరుకు తెలుసు? స్టేషన్ దిగినంక ఇంటిదాకా ఆఖరి కిలోమీటరు చీకట్లో ఆడపిల్ల ఎట్లా నడుస్తుందో ఏ కన్సల్టెంటు రిపోర్టులో ఉంది? చక్రాల కుర్చీలో ఉన్న మనిషి స్టేషన్ లిఫ్టు దాకా రావడానికి ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయిందో ఆ మనిషికే తెలుసు. పద్ధెనిమిదేండ్లుగా ఒకే రూట్లో బండి నడిపిన డ్రైవరుకు ఏ మలుపు దగ్గర ఎంతమంది ఎక్కుతారో, ఏ స్టాపు ఊరికే పెట్టారో తెలుసు. ఆయనను ఏనాడన్నా అడిగారా?

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. ఉచిత ప్రయాణం అన్న తెల్లారి నుంచే బస్సులు ఆడవాళ్లతో కిక్కిరిశాయి. సీట్ల కోసం కొట్లాడుతున్నారని వీడియోలు తీసి నవ్వినోళ్లు నవ్వారు. మాకు కనిపించింది వేరే. ఇన్నాళ్లు చార్జీకి భయపడి ఇంట్లో ఆగిపోయిన ప్రయాణం అది. ఎవరూ సర్వే చెయ్యని అవసరం ఒక్కసారి బయటపడ్డది. ప్రతి జీరో టికెట్టు మీద ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో ఉంటుంది. ఆ లెక్క ఆర్టీసీ దగ్గర పడి ఉంది. సర్కారు దగ్గర పైసలు రాబట్టుకోవడానికి అది పనికొస్తున్నది. రూట్లు కొత్తగా గీయడానికి ఎందుకు పనికిరాదు? డిపోవారీగా దాన్ని బయటపెడితే ఏ బస్తీకి ఎన్ని బస్సులు బాకీ ఉన్నాయో జనమే తేల్చి చెబుతారు. ప్రధానమంత్రి ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించినట్టు 2025లో కేంద్రం చెప్పింది. కిలోమీటరుకు ఇంత అని ప్రైవేటు కంపెనీకి కట్టి నడిపించే పద్ధతి అది. కంపెనీకి కిలోమీటర్లు కావాలి, జనానికి బస్సు కావాలి. రెండూ ఒకటి కాదు. ఆ రెండు వేల బస్సులు ఎటు తిరగాలో డిపో డిపోకూ అడిగి తేల్చాల్సిన పని ఇది.

చట్టం అడ్డమొస్తుందా అంటే అదీ లేదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలోనే, 17వ సెక్షన్ కింద, సర్కారు సలహా మండళ్లు వేసుకోవచ్చు. చట్టానికి డెబ్బయి అయిదేండ్లు నిండాయి. దాన్ని వాడుకుని డిపోకొక ప్రయాణికుల మండలి వెయ్యడానికి జీవో ఒక్కటి సరిపోదా? 2008లోనే బస్సు, రైలు, మెట్రో అన్నీ ఒక్క చూరు కిందికి తేవడానికి ఉమ్మడి మహానగర రవాణా సంస్థ అని పెట్టారు. అది అధికారుల మీటింగుగానే మిగిలింది, ప్రయాణికునికి అందులో కుర్చీ లేదు. ఇంకోవైపు, ఉన్న కొద్దిపాటి దారులను కూడా మూసేశారు. సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాలంటే పర్యావరణ చట్టం కింద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, మెట్రోకు ఆ నిబంధన వర్తించదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా, దాని మీద బహిరంగ విచారణ ఉండె. మన తెలంగాణ సర్కారే 2017లో సవరణ తెచ్చి ప్రాజెక్టులకు దాని నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు కల్పించుకుంది. దీన్ని ఢిల్లీ చెయ్యలేదు, సీమాంధ్ర పాలకులు చెయ్యలేదు. మన అసెంబ్లీలో మన ఎమ్మెల్యేలు చేతులెత్తి చేశారు.

రాష్ట్రం కావాలా వద్దా అన్న ప్రశ్న మీద శ్రీకృష్ణ కమిటీ 2010లో జిల్లాలు తిరిగింది, వేలాది వినతులు తీసుకుంది. ఆ నివేదికను మనం చీల్చి చెండాడినం, అది వేరే ముచ్చట. రాష్ట్రమంత పెద్ద ప్రశ్న మీద జనం దగ్గరికి పోవచ్చునట, సిటీ బస్సు మీద పోలేరట!

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, సొత్తు మారుతున్నది. నష్టాలు వస్తున్నాయి, నడపలేనన్నది ఎల్ అండ్ టీ. మెట్రోను రాష్ట్ర సర్కారు తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రికీ కంపెనీ పెద్దలకూ నడుమ ఒప్పుకోలు కుదిరింది. దాదాపు 13,000 కోట్ల అప్పు సర్కారు నెత్తికెత్తుకుంటుంది, కంపెనీ వాటాకు 2,000 కోట్ల దాకా ఇస్తుంది. ప్రజల రైలు ప్రజల చేతికి రావడాన్ని మేం స్వాగతిస్తున్నాం. కాని ప్రజల చేతికి వచ్చేది అప్పు ఒక్కటేనా, అధికారం కూడానా? ఆదిలాబాద్ పత్తి రైతు, పాలమూరు వలస కూలీ కూడా కట్టే పన్నులోంచే ఆ అప్పు తీరాలి. 269 ఎకరాల సంగతి ఏమిటి, మాల్స్ కిరాయి ఎవరికి, టికెట్టు ధర ఎవరు నిర్ణయిస్తారు, ఫలక్‌నుమా లైను ఎప్పటికి - ఈ ఒప్పందం ప్రతి పుట తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి స్టేషన్ స్టేషన్‌లో పెట్టాలి. ఇంగ్లిషులో వెబ్‌సైట్ మూలకు ఏదో ఒకటి పెట్టి బాధ్యత తీరిందంటే ఒప్పుకోం.

మా డిమాండు గంపెడంత లేదు. బస్సు, మెట్రో చార్జీలు పెంచాలంటే కరెంటుకు జరిగినట్టే విచారణ జరగాలి. రూటు బందు పెట్టే ముందు నెల రోజుల నోటీసు ఆ రూట్లోని ప్రతి స్టాపులో పెట్టాలి. డిపో మండలిలో నామినేటెడ్ నాయకులు కాదు, పాస్ ఉన్న విద్యార్థులు, బస్తీ మహిళా సంఘాలు, దివ్యాంగులు, తోపుడుబండ్లవాళ్లు, డ్రైవర్లు, కండక్టర్లు ఉండాలి. అడిగిన ప్రతి ప్రశ్నకు అధికారి రాతపూర్వకంగా జవాబివ్వాలి. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. మొదటి విచారణ సచివాలయంలో కాదు, ఫలక్‌నుమాలో పెట్టాలి. అదీ డ్యూటీలు లేని ఆదివారం. తేదీ ప్రకటిస్తే ఆ నోటీసును పైసా తీసుకోకుండా మొదటి పేజీలో అచ్చువేస్తాం.